వెన్నుపాముకు కరెంటు పెడితే స్పృహ వస్తుందా?



మామూలుగా ఈ పేజీల్లో నేను రాసేది విద్యా రుణం ఎట్లా తీసుకోవాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు జతచేయాలి వంటి సంగతులే. ఈసారి వేరే విషయం ఎత్తుకున్నాను. తలకు దెబ్బ తగిలి, ప్రాణం దక్కి, కళ్లు తెరిచి కూడా మనిషి తెలివిలోకి రాకపోతే ఆ కుటుంబం ఏం చేయాలి? మెడ దగ్గర వెన్నుపాము మీద చిన్న యంత్రం పెట్టి కరెంటు ఇస్తే తెలివి వస్తుందని అంటున్నారే, అది ఎంతవరకు నిజం?

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. మన ట్రస్టు సాయం పొందే ఒక విద్యార్థిని తండ్రి తిరుచ్చులి నుంచి అరుప్పుకోట్టై పోయే దారిలో మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. హెల్మెట్టు లేదు. తలకు ఆపరేషన్ జరిగింది, ప్రాణం నిలిచింది. ఏడు నెలలైనా మాట లేదు, పిలిస్తే పలకడం లేదు. పగలు కళ్లు తెరుస్తాడు, రాత్రి నిద్రపోతాడు. ఎవరో వాళ్లకు ఈ కరెంటు ఆపరేషన్ సంగతి చెప్పారు. ఇంటికి ఉన్న ఆస్తి రెండెకరాల నల్లరేగడి చేను. ఆ అమ్మాయి వచ్చి, "పెద్దనాయనా, చేను అమ్మితే చాలుతుందా, ఇంకా లోను తీయాలా, లెక్క వేసి చెప్పండి" అని అడిగింది.

లెక్క వేసే ముందు ఆ సొమ్ము దేనికి పోతున్నదో తెలియాలి గదా. తెలిసిన నరాల డాక్టర్లను అడిగాను. వారు చెప్పిన పరిశోధనలు తెప్పించుకుని చదివాను. అర్థమైనది మళ్లీ వారి దగ్గరే సరిచూసుకున్నాను. ఆ కుటుంబం సమ్మతితో, పేర్లు లేకుండా, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మెలకువ వేరు, ఎరుక వేరు

మనం అన్నింటినీ కలిపి "కోమా" అంటాము. డాక్టర్లకు ఇందులో నాలుగు స్థితులు ఉన్నాయి. వీటి తేడా తెలియకపోతే తరువాత ఏ మాటా అర్థం కాదు.

మొదటిది కోమా. రోగి కళ్లు మూసుకునే ఉంటాడు. గిల్లినా, పిలిచినా లేవడు. ఈ స్థితి సాధారణంగా కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు ఉంటుంది. ఆపైన మనిషి తెలివిలోకి రావడమో, చనిపోవడమో, కింద చెప్పబోయే స్థితుల్లోకి మారడమో జరుగుతుంది.

రెండవది బ్రెయిన్ డెత్, అంటే మెదడు మరణం. మెదడు మొత్తం, ఊపిరిని నడిపించే కింది భాగంతో సహా, శాశ్వతంగా ఆగిపోయింది. యంత్రం వల్ల మాత్రమే ఛాతీ ఆడుతుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దీనిని మరణంగానే గుర్తిస్తుంది. ఇక్కడ ఏ కరెంటూ పనిచేయదు.

మూడవది వెజిటేటివ్ స్టేట్. 1972లో స్కాట్లండుకు చెందిన జెన్నెట్, అమెరికాకు చెందిన ప్లమ్ అనే ఇద్దరు వైద్యులు ఈ పేరు పెట్టారు. రోగి కళ్లు తెరుస్తాడు, నిద్రపోతాడు, ఆవులిస్తాడు, మూలుగుతాడు. ఒక్కొక్కసారి కంట నీరు కూడా వస్తుంది. కానీ తన చుట్టూ ఏం జరుగుతున్నదో తెలిసిన గుర్తు ఒక్కటీ ఉండదు. ఈ పేరులో మనిషిని కూరగాయతో పోల్చినట్టున్నదని, 2010లో ఐరోపా వైద్యులు "స్పందన లేని మెలకువ" అనే అర్థం వచ్చే మరో పేరు సూచించారు.

నాలుగవది మినిమల్లీ కాన్షియస్ స్టేట్. మనం అల్పస్పృహ అనుకుందాం. 2002లో దీనికి నిర్వచనం రాశారు. రోగి ఒకసారి చూపు తిప్పుతాడు, మరోసారి తిప్పడు. ఉదయం చెయ్యి పట్టుకొమ్మంటే పట్టుకుంటాడు, సాయంత్రం పట్టుకోడు. కొంచెమే అయినా, వచ్చిపోతూ ఉన్నా, లోపల ఎరుక ఉన్నది.

మన భాషలో మెలకువ, ఎరుక అని రెండు మాటలు విడిగా ఉండటం మనకు మేలు. కళ్లు తెరిచి ఉండటం మెలకువ. ఎదురుగా ఉన్నది నా బిడ్డ అని తెలియడం ఎరుక. మూడవ స్థితిలో మెలకువ ఉంటుంది, ఎరుక కనిపించదు. రమణ మహర్షి 1879లో పుట్టిన తిరుచ్చులిలో ఉండే మాకు ఎరుక అనే మాట చిన్ననాటి నుంచీ చెవిన పడిందే. అందుకేనేమో, మంచాన ఉన్నవారిని చూసి కొందరు పెద్దలు "సమాధిలో ఉన్నాడు" అని ఇంటివారిని ఓదారుస్తారు. ఓదార్పుకు ఆ మాట మంచిదే గాని, వైద్యానికి అడ్డం రాకూడదు. ఇది దెబ్బ వల్లనో, ప్రాణవాయువు అందకనో మెదడుకు వచ్చిన గాయం. దానికి పరీక్ష కావాలి, సేవ కావాలి.

ఆ యంత్రం ఏం చేస్తుంది?

వెన్నుపాముకు కరెంటు ఇవ్వడం కొత్తగా పుట్టిన పని కాదు. నొప్పి మెదడుకు చేరే దారిలో ఒక తలుపు వంటిది ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనేవారు చెప్పారు. ఆ తలుపు మూయడానికి 1967లో అమెరికాలో షీలీ అనే వైద్యుడు మొదటిసారి వెన్నుపాము మీద కరెంటు ప్రయోగించాడు. ఈ రోజుకూ ఈ యంత్రం ముఖ్యంగా వాడేది ఎంతకూ తగ్గని నడుము నొప్పికి, కాలి నొప్పికి.

ఆపరేషన్ ఇట్లా ఉంటుంది. సన్నని తీగలాగానో, పట్టీలాగానో ఉండే ఎలక్ట్రోడును వెన్నెముక లోపల, వెన్నుపామును కప్పి ఉండే పొరకు వెలుపల అమరుస్తారు. స్పృహ కోసం అయితే మెడలో రెండవ ఎముక నుంచి నాల్గవ ఎముక వరకు ఉన్న భాగంలో పెడతారు. అక్కడి నుంచి చర్మం కింద తీగ లాగి, గుండెకు పెట్టే పేస్‌మేకరు వంటి చిన్న బ్యాటరీ పెట్టెకు కలుపుతారు. ఆ పెట్టెను ఛాతీ మీదనో, పొట్ట మీదనో చర్మం కింద ఉంచుతారు. కరెంటు ఎంత, సెకనుకు ఎన్నిసార్లు, రోజుకు ఎంతసేపు అనేది బయట నుంచి డాక్టరు సరిచేస్తాడు.

మెడలో ఇచ్చిన కరెంటుకు తలలో తెలివి ఎట్లా వస్తుంది? మనలను మెలకువగా ఉంచే నరాల దారి మెదడు కాండంలో బయలుదేరి, థాలమస్ అనే కూడలి గుండా మెదడు పైపొరకు చేరుతుంది. మెడ నుంచి పైకి పోయే కరెంటు ఆ దారిని తట్టి లేపుతుందని వైద్యుల ఊహ. మెదడుకు రక్తం పారకం పెరుగుతుందని కూడా చూశారు. ఇక్కడ ఒకటి గట్టిగా పట్టుకోండి. చచ్చిపోయిన మెదడు కణాలను ఈ యంత్రం బతికించదు. బతికి ఉండి, మందంగా పడి ఉన్న దారిని కదిలించగలదేమో అంతే. కాలువ తెగిపోకుండా పూడిక పడి ఉంటే తవ్వి నీరు పారించవచ్చు. కాలువే లేకపోతే మోటారు ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు.

ఇంతవరకు వచ్చిన ఫలితాలు

ఈ పనికి మొదటి ఊరు జపాను. 1980లలో ఫుజిటా హెల్త్ యూనివర్సిటీకి చెందిన ప్రొఫెసర్ కన్నో, ఆయన సహచరులు వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్న రోగులకు ఈ యంత్రం పెట్టడం మొదలుపెట్టారు. దాదాపు ఇరవై ఏళ్ల అనుభవాన్ని 2009లో ప్రకటించారు. సుమారు 200 మంది రోగుల్లో సగానికి కాస్త పైగా మందిలో ఏదో ఒక మేలు కనిపించిందని రాశారు. చిన్న వయసువారికి, ప్రమాదంలో తల దెబ్బ తిన్నవారికి, మెదడుకు రక్తం కొంత బాగా పారుతున్నవారికి ఫలితం మెరుగ్గా ఉందన్నారు.

టోక్యోలోని నిహోన్ యూనివర్సిటీకి చెందిన యమమోతో బృందం మరింత ఏరి చూసింది. అల్పస్పృహలో ఉండి, నరాల పరీక్షల్లో దారి మిగిలి ఉన్నదని తేలిన 10 మందికి సెకనుకు 5 సార్ల చొప్పున కరెంటు ఇచ్చారు. వారిలో 7 మంది ఆ స్థితిని దాటి బయటికి వచ్చారు. ఇటీవలి ఏళ్లలో చైనా వైద్యులు ఈ పని ఎక్కువగా చేస్తున్నారు. కరెంటు వేగం మార్చితే మెదడు తరంగాలు ఎట్లా మారతాయో బీజింగ్ వైద్యులు 2017లో ప్రకటించారు.

పదిమందిలో ఏడుగురు అని వినగానే ఏ తల్లికైనా, ఏ భార్యకైనా చేను ఎంత అనిపిస్తుంది. నాకూ మొదట అట్లాగే అనిపించింది. కానీ బ్యాంకులో పని చేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. జమ ఒక్కటే చూసి సంతోషించము. ఆ జమ ఎక్కడి నుంచి వచ్చిందో వోచరు చూస్తాము. ఇక్కడ వోచరు చూస్తే మూడు లోపాలు కనిపిస్తాయి.

ఒకటి. యంత్రం పెట్టినవారితో సరిసమానమైన మరో గుంపును, యంత్రం పెట్టకుండా పక్కపక్కన ఉంచి చూడలేదు. అల్పస్పృహలో ఉన్నవారు యంత్రం లేకుండానే మెరుగుపడటం ఉన్నది. అమెరికాలో టెర్రీ వాలిస్ అనే యువకుడు 1984లో ప్రమాదానికి లోనై, 19 ఏళ్ల తరువాత 2003లో "అమ్మ" అని పలికాడు. ఏ ఆపరేషనూ చేయలేదు. ఆయనకు అంతకు ముందు నెలలో యంత్రం పెట్టి ఉంటే, ఘనత అంతా యంత్రానికి పోయేది గదా!

రెండు. రోగులను ఏరి తీసుకున్నారు. ఏరిన పదిమంది లెక్కను ఏరని వందమందికి వర్తింపజేయరాదు.

మూడు. మెరుగు అంటే ఏమిటనేది అందరూ ఒకే కొలతతో కొలవలేదు. చూపు తిప్పడమూ మెరుగే, మాట్లాడి భోజనం చేయడమూ మెరుగే. కుటుంబం ఆశించేది రెండవది. కాగితం మీద ఉండేది చాలాసార్లు మొదటిది.

ఈ లోపాలు లేకుండా పరీక్షించడం కుదరని పని కాదు. 2007లో అమెరికాలో షిఫ్ అనే వైద్యుని బృందం ఆరేళ్లకు పైగా అల్పస్పృహలో ఉన్న 38 ఏళ్ల మనిషికి మెదడు లోపలే, థాలమస్‌లో, ఎలక్ట్రోడ్లు పెట్టింది. కొంతకాలం కరెంటు వేసి, కొంతకాలం ఆపి, ఎప్పుడు వేశారో ఎప్పుడు ఆపారో పరీక్షించేవారికి తెలియకుండా చూశారు. కరెంటు ఉన్నప్పుడు అతను మెరుగ్గా స్పందించాడు, నోటితో తినగలిగాడు. అది ఒక్క రోగి కథ, అదీ వేరే రకం ఆపరేషన్. అయినా నిజం తేల్చే పద్ధతి అది. వెన్నుపాము యంత్రానికి అట్లాంటి పరీక్ష పెద్ద సంఖ్యలో జరిగితేగాని ఇది రుజువైన వైద్యం అనలేము. అమెరికా నరాల వైద్యుల సంఘం 2018లో ప్రకటించిన మార్గదర్శకాల్లో ఈ ఆపరేషనును సిఫారసు చేయలేదు.

యంత్రం కంటే ముందు అద్దం

నాకు అన్నింటికంటే పెద్ద విషయంగా తోచింది ఇది. ఆపరేషన్ చేయాలా వద్దా అనే ప్రశ్నకు ముందు, రోగి అసలు ఏ స్థితిలో ఉన్నాడనే ప్రశ్న ఉన్నది. దానికి జవాబు చాలాసార్లు తప్పుగా వస్తున్నది.

బెల్జియం దేశపు లియేజ్ నగర పరిశోధకులు 2009లో ఒక లెక్క ప్రకటించారు. వెజిటేటివ్ స్టేట్ అని వైద్య బృందం తీర్మానించిన 44 మందిని ప్రత్యేకమైన కొలమానంతో తిరిగి పరీక్షిస్తే, 18 మంది నిజానికి అల్పస్పృహలో ఉన్నారు. అంటే 100కు 41 మంది. ఆ కొలమానం పేరు కోమా రికవరీ స్కేల్, 2004లో సవరించినది. యంత్రం ఏమీ అక్కర్లేదు. నేర్చుకున్న మనిషి, అరగంటో గంటో సమయం, ఒక అద్దం, ఒక బంతి, ఒక దువ్వెన వంటి వస్తువులు చాలు. రోగి ఎరుక వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకూడదు. రెండు వారాల్లో కనీసం 5 సార్లు పరీక్షించాలని 2017లో అదే ఊరి వైద్యులు చూపించారు.

అద్దం దేనికంటారా? అల్పస్పృహలో ఉన్నవాడు డాక్టరు వేలి వెంట, టార్చిలైటు వెంట చూపు తిప్పకపోవచ్చు. తన ముఖం కనిపించే అద్దాన్ని మెల్లగా పక్కకు జరిపితే దాని వెంట చూపు తిప్పే అవకాశం ఎక్కువ. మన ఇళ్లల్లో గోడకు వేలాడే అద్దం చాలు. అట్లాగే ఊరు పేరు తెలియని గొంతు కంటే ఇంటివారి గొంతు పిలిచే పేరుకు స్పందన ఎక్కువ. అందుకని ఇంటివారు ఒక నోటు పుస్తకం పెట్టి తేదీ, వేళ, ఏం చేస్తే ఏం స్పందించాడు అని రాసి ఉంచడం మంచిది. "నిన్న నన్ను చూశాడు డాక్టర్" అని నోటి మాటగా చెబితే ఆశకొద్దీ అంటున్నారనుకుంటారు. నెల రోజుల పుస్తకం చూపిస్తే ఏ డాక్టరైనా ఆగి చదువుతాడు.

ఇంకొక సంగతి. 2006లో ఆడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త, వెజిటేటివ్ స్టేట్ అని తేల్చిన 23 ఏళ్ల యువతిని స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో", "మీ ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అని చెప్పాడు. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగాలు వెలుగుతాయో ఆమె మెదడులోనూ అవే వెలిగాయి. 2024లో అనేక దేశాల ఆసుపత్రులు కలిసి ప్రకటించిన పరిశోధనలో, చెప్పిన మాటకు పైకి ఏ స్పందనా లేని 241 మందిలో 60 మంది లోలోపల ఆ మాటను పాటిస్తున్నారని తేలింది. నలుగురిలో ఒకరు!

కనుక తల్లిదండ్రులకు నా మనవి. మంచాన ఉన్నవాని ముందు "ఇక లాభం లేదు", "ఎన్నాళ్లు ఈ ఖర్చు" అని మాట్లాడకండి. పలకరించి, పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పి చేయండి. వినకపోతే నష్టం లేదు. వింటూ ఉంటే అంతకు మించిన సేవ లేదు.

రుజువైన పనులు ముందు

యంత్రం సంగతి తేలకముందే చేయదగినవి కొన్ని ఉన్నాయి. తలలో నీరు చేరి మెదడును నొక్కుతుంటే ఎరుక మందగిస్తుంది. స్కానింగులో తెలుస్తుంది, నీరు మళ్లించే ఆపరేషన్ ఉన్నది. పైకి కనిపించని ఫిట్స్ ఉంటే మెదడు తరంగాల పరీక్షలో దొరుకుతుంది. నిద్ర తెప్పించే మందులు అవసరం తీరినా కొనసాగుతున్నాయేమో చూడాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తక్కువ కావడం, థైరాయిడ్ లోపం ఇవన్నీ తెలివిని కప్పేవే. వీటికి అయ్యే ఖర్చు ఆ యంత్రం ఖర్చులో ఎన్నో వంతు?

మందుల్లో గట్టి రుజువున్నది అమంటడిన్. 184 మంది మీద, అసలు మందు ఎవరికో ఉత్త బిళ్ల ఎవరికో తెలియకుండా జరిపిన పరీక్ష 2012లో వచ్చింది. తలకు దెబ్బ తగిలిన 4 వారాల నుంచి 16 వారాల లోపు మొదలుపెట్టి 4 వారాలు ఇస్తే కోలుకునే వేగం పెరిగింది. 2018 మార్గదర్శకాలు సిఫారసు చేసినదీ ఇదే. ఇది డాక్టరు రాసి ఇవ్వవలసిన మందు, ఫిట్స్ ఉన్నవారికి జాగ్రత్త అవసరం. దుకాణంలో అడిగి కొనేది కాదు.

అన్నింటికీ పునాది సేవ. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, ట్యూబు ద్వారా ఆహారం పోసేటప్పుడు తల భాగం ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ, వీలైనప్పుడు కూర్చోబెట్టడం. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా ఉండిన అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరులో జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18న చనిపోయేవరకు అక్కడే ఉన్నది. దాదాపు 42 ఏళ్లు నర్సులు తరాలు మారుతూ ఆమెకు సేవ చేశారు. 2011లో సుప్రీంకోర్టు ఆమె కేసు విన్నప్పుడు, అన్నేళ్లు మంచాన ఉన్నా ఒక్క పడక పుండు కూడా లేదనే మాట రికార్డుకెక్కింది. ఆ ఒక్క వాక్యం వెనుక ఎన్ని వేల రాత్రుల డ్యూటీ ఉందో ఆలోచించండి.

సంతకం పెట్టే ముందు అడగవలసినవి

ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించమంటే కింది ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోయి, జవాబులు కూడా రాయించుకోండి.

1. రోగి ఏ స్థితిలో ఉన్నాడు? కోమా రికవరీ స్కేలుతో ఎన్నిసార్లు పరీక్షించారు?

2. గాయం దెబ్బ వల్లనా, ప్రాణవాయువు అందకపోవడం వల్లనా? గుండె ఆగి, నీట మునిగి మెదడు దెబ్బతిన్నవారు కోలుకునే అవకాశం తక్కువ.

3. ఎన్ని నెలలైంది? ప్రమాదం వల్ల అయితే 12 నెలలు, ఇతర కారణాల వల్ల అయితే 3 నెలలు దాటితేనే దీర్ఘకాలికం అంటారు. ఆ లోపల దానంతట అదే వచ్చే మెరుగు ఎక్కువ.

4. తలలో నీరు, ఫిట్స్, మందుల ప్రభావం లేవని తేల్చారా?

5. మీరు ఆశిస్తున్న మెరుగు ఏది? మాటా, చూపా?

6. ఇన్‌ఫెక్షన్ వస్తే, తీగ జరిగితే ఏం చేస్తారు? బ్యాటరీ ఎన్నేళ్లు? మార్చే ఖర్చు ఎవరిది? యంత్రం ఉన్నా ఎం.ఆర్.ఐ. తీయవచ్చా?

7. ఇది వైద్యమా, పరిశోధనా?

ఏడవ ప్రశ్న చిన్నది గాని, నా దృష్టిలో అదే అసలైనది. రుజువైన వైద్యం అంటే రుజువు చూపించాలి. పరిశోధన అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మామూలు చికిత్సకు మించి పరిశోధన కోసం అయ్యే ఖర్చును రోగి చేత కట్టించరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైద్యం అని డబ్బు తీసుకుని, ఫలితం అడిగితే పరిశోధన అనడం కుదరదు. రెండింటిలో ఒకటే చెప్పాలి.

డబ్బు సంగతి

యంత్రం, ఆపరేషన్ కలిపి అనేక లక్షలు. అది ఒకసారి అయ్యే ఖర్చు అనుకుంటారు. మంచాన ఉన్న మనిషికి ఆహారం, మందులు, ఫిజియోథెరపీ, డైపర్లు, గాలి పరుపు అన్నీ నెలనెలా ఖర్చులు. చేను అమ్మి ఆపరేషన్ చేయిస్తే ఆ నెల ఖర్చుకు ఆదాయం ఏది? పిల్ల చదువుకు ఏది? కనీసం రెండేళ్ల నెల ఖర్చు విడిగా పెట్టి, మిగిలినదాంట్లోనే కొత్త ప్రయత్నం ఆలోచించమని నేను చెబుతాను.

తెలివిలో లేనివారి బ్యాంకు ఖాతా గురించి కూడా చెప్పాలి. నామినీ హక్కు ఖాతాదారు మరణించిన తరువాతే. భార్య అయినంత మాత్రాన బ్యాంకు సొమ్ము ఇవ్వలేదు. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే విషయంలో ప్రత్యేక చట్టం లేనందున హైకోర్టును ఆశ్రయించాలి. 2019లో కేరళ హైకోర్టు ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది, మద్రాసు హైకోర్టు కూడా ఇట్లాంటి నియామకాలు చేసింది. ఇంత తిప్పలు లేకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంటి ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేటట్లు జాయింటుగా మార్చుకోండి. ఒక్క ఫారంతో అయ్యే పని.

మన విద్యార్థిని కుటుంబం ఈ ప్రశ్నలన్నీ పట్టుకుని మధురై పోయింది. రెండు వారాల్లో అయిదు సార్లు పరీక్షించారు. రెండుసార్లు అద్దం వెంట చూపు తిరిగింది. అల్పస్పృహ అని రాసి ఇచ్చారు. ఒక మందు తగ్గించారు, ఒకటి మొదలుపెట్టారు, ఫిజియోథెరపీ నేర్పారు. ఆయనకు ఇప్పటికీ మాట రాలేదు. భార్య చెయ్యి ఇస్తే కొన్ని పూటలు వేళ్లు ముడుస్తాడు. చేను అమ్మలేదు, ఆ అమ్మాయి చదువు ఆగలేదు. రేపు సరైన పరిశోధన మన దగ్గరికి వస్తే చేరడానికి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీనిని గెలుపు అనాలో ఏమనాలో నాకు తెలియదు. కళ్లు తెరిచి తీసుకున్న నిర్ణయం అని మాత్రం అనగలను.

విద్యార్థులకు

పిల్లలూ, ఇంత చదివినవారికి ఒకటి తెలిసి ఉంటుంది. పోయిన ఎరుకను తిరిగి తేవడం ఇంత కష్టం, దానిని కాపాడుకోవడం చాలా సులభం. బండి నడిపేవారికీ, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్టు మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం తప్పనిసరి. ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్టు పోలీసు కోసం, తల మీద పెట్టుకున్నది అమ్మ కోసం.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే 108కి ఫోన్ చేయండి. మెడ వంచి కూర్చోబెట్టి నీళ్లు పోయకండి. సాయం చేసినవారిని కేసులో ఇరికించరాదని 2019లో చేర్చిన 134ఎ సెక్షను చెబుతున్నది. తమిళనాట 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఉచితం. ఆ మొదటి గంటల్లో దక్కిన మెదడుకు ఏ యంత్రంతోనూ పని ఉండదు.

చివరిగా, ప్లస్ టూ తరువాత ఏం చదవాలని అడిగేవారికి ఒక మాట. మా తరానికి డాక్టరు, ఇంజనీరు, బ్యాంకు ఇవే తెలుసు. ఫిజియోథెరపీ, నర్సింగు, స్పీచ్ థెరపీ, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివినవారి అవసరం మన పల్లెలకు ఎంత ఉందో ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నాకు తెలిసింది. 2022 జనవరిలో విరుదునగర్‌లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. కోమా రికవరీ స్కేలు చక్కగా చేయగలిగిన ఒక్క నర్సు, ఒక్క ఫిజియోథెరపిస్టు మన తాలూకాలో ఉంటే ఎన్ని ఇళ్లకు మేలు! ఆ చదువులకు దరఖాస్తు చేసేవారు మార్కుల పత్రాలు, ఆదాయ ధ్రువపత్రం ముందుగానే సిద్ధం చేసుకోండి. ఏ సందేహం ఉన్నా నన్ను అడగవచ్చు.